సాలీడు వణికిన చోట

షూటింగు రోజున నేను చేయాల్సిన పనులు ఇవి.

గంగాధరం గారి దొడ్లో సాలీడు రంగు ఆరిందో లేదో చూడాలి. మోసేవాళ్లకు ఇడ్లీలు చల్లారకముందే అందాలి. చేను గల సీతారత్నం గారికి మరోసారి చెప్పాలి, మేము తొక్కేది కోత అయిపోయిన మడినే తప్ప పక్కనున్న మినప చేను కాదని. రక్తం కోసం తెచ్చిన రోజా సిరప్పు సీసాకు చీమలు పట్టకుండా చూడాలి. కెమెరా బ్యాటరీలు ఛార్జింగు పెట్టాలి. పెద్దమ్మను ఆ వెలిసిపోయిన నీలం చీరే కట్టుకోమనాలి, లేకపోతే పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వచ్చేస్తుంది. ఏడుపు రెండు మాటలు చాలని కూడా ఆమెకు చెప్పాలి.

అన్నీ చేశాను. ఆఖరిది కూడా చెప్పాను.

"రెండు మాటలే పెద్దమ్మా. 'అయ్యో నా కొడుకా, రవీ' అంటే చాలు. ఆ వెంటనే సాలీడు వచ్చేస్తుంది."

"ఆయ్, అలాగేనమ్మా" అంది మా పెద్దమ్మ కాంతమ్మ.

ఆమె ఆ రెండు మాటలు అనలేదు. ఏమందో, అన్నందుకు జనం ఏం చేశారో చెబుతాను. కోపంగానే చెబుతాను. ఏమీ అనుకోకండి.

మా సినిమా బాగోలేదు. ఆ మాట ఇంకెవరో అనేకంటే నేనే ముందు చెప్పేస్తున్నాను. పేరు 'సాలీడు లంక'. గోదావరి లంకలో ఎవరో దొంగతనంగా పారబోసిన రసాయనాల నీళ్లు తాగి ఒక సాలీడు ఇల్లంత పెరుగుతుంది. కనపడినవాళ్లనల్లా తింటుంది. చివర్లో హీరో కొబ్బరి బొండాల్లో పెట్రోలు పోసి విసిరి దాన్ని చంపుతాడు. దీన్ని రాసి తీసినవాడు ఆత్రేయ. ముక్తేశ్వరం వాళ్లబ్బాయి. అమలాపురంలో డిగ్రీ నాతోపాటే చదివాడు. వాళ్ల నాన్నగారు వేదం చెప్పే పంతులుగారు, కొడుకు కూడా ఏదో ఒక బడిలో పాఠాలు చెప్పుకుంటాడని ఆశపడ్డారు. ఇతనికేమో సినిమా తప్ప మరో ధ్యాస లేదు. నాకు ఒప్పుకున్న పని సరిగ్గా జరగకపోతే నిద్ర పట్టదు. అది తెలిసే నన్ను మేనేజరు అన్నాడు. పగలు కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో ఉద్యోగం, సెలవు రోజుల్లో సాలీడు. నా పేరు హన్నా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదట.

గ్రాఫిక్సు పెట్టించే స్తోమత మాకు లేదు. అందుకని గంగాధరం గారి దగ్గరికి వెళ్లాం. కనుమనాడు శివుణ్ణి నిలిపి భుజాల మీద ఊరేగించే ప్రభలు కట్టడంలో మా చుట్టుపక్కల ఆయన్ను మించినవాళ్లు లేరు. వెదురు చీల్చి, వంచి, తాళ్లతో బిగించి రెండంతస్తుల ఎత్తు నిలబెడతారు. వసారాలో కూర్చుని చుట్ట కాలుస్తూ మా కథంతా విన్నారు.

"సాలీడా? ఎంత సాలీడమ్మా?"

"ఇల్లంత అండి."

"ఎవరిల్లు? మీదా, నాదా?"

"మీ ఇల్లంత అండి" అన్నాడు ఆత్రేయ.

"నయం. దేవుడి గుడంత అన్నావు కాదు" అని చుట్ట ఆర్పి లేచారు.

వెదురుతో పొట్ట కట్టారు, కాళ్లు కట్టారు. పైన కప్పడానికి కొబ్బరి పీచు మా పెద్దమ్మ పనిచేసే పీచు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. కళ్లకు పాత మోటారుసైకిళ్ల హెడ్‌లైట్లు. పొట్ట లోపల మనుషులు దూరి, వెదురు బొంగులు భుజాన పెట్టుకుని నడిస్తే సాలీడు నడిచినట్టు ఉండాలి. ఆ మోసేవాళ్లు ఏటా ప్రభ ఎత్తేవాళ్లే. కొంతమంది గంగాధరం గారి వీధివాళ్లు, కొంతమంది మా పేటవాళ్లు. మిగతా రోజుల్లో అందరూ కొబ్బరి తోటల్లో దింపులకు వెళ్లేవాళ్లే, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించేవాళ్లు.

మొదటి రోజే తిరకాసు వచ్చింది. సాలీడు చేలో నడుస్తోంది గానీ కాళ్లు నేలకు ఆనడం లేదు. ఇంకా కొంచెం దించితే సరిపోతుంది. ఆత్రేయ గట్టున నిలబడి అరుస్తున్నాడు.

"దించండీ! కాళ్లు నేలకి తగలాలి!"

పొట్టలోంచి జవాబు వచ్చింది. "ఎత్తింది దారిలో దించమండీ. మాకు అలవాటు లేదు."

"ఇది ప్రభ కాదండీ బాబూ, పురుగు!"

"పురుగైతే మాత్రం, భుజానికెక్కేక ఎక్కిందే కదండీ."

గంగాధరం గారు నవ్వుతూ అడ్డం వచ్చారు. "ఆళ్లతో పెట్టుకోకు బాబూ. కాలవలో మెడ లోతు నీళ్లొచ్చినా నేలకి తగలనియ్యరు. నీ సాలీడుకీ ఆ మర్యాదే జరుగుద్ది."

అదే జరిగింది. మా సాలీడు సినిమా అంతా నేలకు జానెడు ఎత్తులో తేలుతుంది. పైగా ఎత్తినప్పుడల్లా లోపలినుంచి అలవాటు కొద్దీ 'హరహర మహాదేవ' అని కేక. మా పేటవాళ్లు కూడా వాళ్లతోపాటే అనేవాళ్లు. ఆ కేకలన్నీ ఎడిటింగులో ఒక్కొక్కటే తీసేసరికి నా కళ్లు వాచాయి. ఒకచోట వదిలేశాం కూడా. సాలీడు దేవుణ్ణి తలుచుకుంటోందని చూసినవాళ్లు నవ్వారు. ఆ నవ్వుకు నాకు కోపం లేదు. నేనూ నవ్వాను.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి చెప్పాలి. మా పేటలో ఎవరు పోయినా ముందు పెద్దమ్మకు కబురు వస్తుంది. ఆమె వచ్చి శవం తల దగ్గర కూర్చుని, కొంగు నడుముకు దోపి, ఏడుపు మొదలుపెడుతుంది. ఉత్తి ఏడుపు కాదు. పోయినవాళ్లు ఎవరి కడుపున పుట్టారో, ఏం తిన్నారో, ఎవరితో తగాదా పడ్డారో, ఎవరికి అన్నం పెట్టారో, అన్నీ రాగంలో చెబుతూ ఏడుస్తుంది. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న కూతుళ్లు, కోడళ్లు ఆ మాటలు విని ఏడవగలుగుతారు. పాస్టరు గారు వచ్చి పాట అందుకునేదాకా ఆ ఇల్లు పెద్దమ్మది. పాట మొదలయ్యాక పాస్టరు గారిది. ఆయన కూడా ఆమె ముగించేదాకా బయట కుర్చీలో కూర్చునేవారు.

ఆమె కొడుకు సాల్మన్. నాకు అన్నయ్య. దింపులు తీసేవాడు. మా ఇంటి వెనక తోటలో పొద్దున్నే చెట్టెక్కి, పైనుంచి కాలవ వంతెన వైపు చూసి, "హన్నా, బస్సు వంతెన కాడికొచ్చింది, పరిగెట్టు!" అని కేకేసేవాడు. ఆ కేక వినపడగానే నేను జడ సగంలో వదిలేసి పుస్తకాలు పట్టుకుని రోడ్డుకు పరిగెత్తేదాన్ని. డిగ్రీ అయ్యేదాకా నేను బస్సు తప్పలేదు. ఆ సమయానికి వాడికి తోటలో పని లేకపోయినా ఎక్కేవాడని తర్వాత తెలిసింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు వాడు పోయాడు. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు, మళ్లీ తీసుకురాలేదు. అప్పటి నిబంధనలు అవి. ముఖం కూడా చూపించలేదు. ఎవరో మనుషులు సంచీలో చుట్టి, ఎక్కడో పూడ్చి, ఫోను చేసి చెప్పారు. ఊరందరి చావులకూ ఏడ్చిన పెద్దమ్మకు తన కొడుకు తల దగ్గర కూర్చునే వీలు లేకపోయింది. ఏడవలేదు. శవం లేకుండా ఎలా ఏడవాలో ఆమెకు తెలియదు. మర్నాడు వెళ్లి పీచు ఫ్యాక్టరీలో కూర్చుంది. ఆ తర్వాత మిగతావాళ్ల చావులకు వెళ్లేది. వాడి పేరు మాత్రం ఇంట్లో ఎత్తేది కాదు.

సినిమాలో కొడుకును సాలీడు తినేసిన ముసలి తల్లి వేషం ఒకటుంది. "మీ పెద్దమ్మగారు చేస్తారా హన్నా?" అని అడిగింది ఆత్రేయే. నేను ఆమెనడిగితే, "సాలీడు నన్ను కూడా తినేస్తదా? తినేస్తే నొప్పెట్టకుండా తినమను" అని నవ్వుతూ ఒప్పుకుంది.

చేలో కూర్చోబెట్టాం. ముందు రోజా సిరప్పు పోసిన చిరిగిన చొక్కా. వెనక కొంచెం దూరంలో సాలీడు ఎత్తుకుని నిలబడ్డారు. ఆత్రేయ యాక్షన్ అన్నాడు.

పెద్దమ్మ ఆ చొక్కా చేతిలోకి తీసుకుంది. ఒళ్లో పరుచుకుని చేత్తో సాపు చేసింది. రెండు మాటలు మరిచిపోయిందేమో, అందిద్దామా అనుకుంటున్నాను. అప్పుడు కొంగు నడుముకు దోపుకుంది. నాకు అర్థమైంది. ఆపాలో వద్దో తెలియలేదు.

"సాల్మనూ... చెట్టెక్కి బస్సు చూసి చెప్పే నా అయ్యా... ఎవరెత్తేర్రా నిన్ను? మొకం తెలీనోళ్లు ఎత్తేర్రా... ఏ నేలలో పెట్టేర్రా... ఊరందరికీ ఏడిసిన నోరురా ఇది, నీ కాడికి రానియ్యలేదురా..."

ఎవరూ కట్ చెప్పలేదు. కెమెరా పట్టుకున్నవాడు కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. వెనక సాలీడు వణికింది. దాని కాళ్లు వణికాయి, పీచు పొట్ట వణికింది, హెడ్‌లైటు కన్ను ఒకటి ఊడి వేలాడింది. లోపల ఉన్నవాళ్లలో సగంమంది సాల్మన్‌తో కలిసి చెట్లెక్కినవాళ్లు. వాళ్లకు కూడా వాడి దగ్గర ఏడ్చే అవకాశం రాలేదు. భుజాన ఎత్తినది దించలేక, కన్నీళ్లు తుడుచుకునే చెయ్యి ఖాళీ లేక, అలాగే నిలబడి ఏడ్చారు.

అయ్యాక ఆత్రేయ వచ్చి పెద్దమ్మ ముందు చేలో గొంతుక్కూర్చున్నాడు. "పెద్దమ్మగారూ, ఇందులో ఒక్క ముక్క కూడా ముట్టుకోనండి. పేరు కూడా మార్చను. మీ అబ్బాయి పేరే ఉంటది" అన్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. ఆ మాట నేను విన్నాను. మోసేవాళ్లు విన్నారు. గంగాధరం గారు విన్నారు.

సినిమా యూట్యూబులో పెట్టాం. మొదట్లో మావాళ్లు తప్ప ఎవరూ చూడలేదు. తర్వాత హైదరాబాదులో చెత్త సినిమాల మీద వీడియోలు చేసే ఒకతని కంట పడింది. అతను కుర్చీలో కూర్చుని, మన సినిమా పక్కన పెట్టుకుని, ఆపుతూ, నవ్వుతూ, తప్పులు వరుసగా చెబుతాడు. తేలే సాలీడు చూపించాడు. దేవుణ్ణి తలిచే సాలీడు చూపించాడు. పెట్రోలు బొండాం పేలే ముందే హీరో పడిపోవడం చూపించాడు. అన్నీ నిజమే. స్కూలు ఆఫీసులో చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని నేనూ నవ్వుకున్నాను. మా సాలీడును అన్ని లక్షల మంది చూస్తున్నారని కొంచెం గర్వం కూడా కలిగింది.

అప్పుడు పెద్దమ్మ వచ్చింది తెర మీదికి.

"ఫ్రెండ్స్, ఇది మాత్రం క్లాసిక్. కొడుకు పేరు రవి. ఈ ఆంటీ ఏమో 'సాల్మనూ' అంటోంది! స్క్రిప్టు చదవలేదా ఆంటీ? లంకలోకి బస్సు ఎక్కడిదీ? ఇక ఆ ఓవరాక్షన్ చూడండి, పక్క జిల్లాకి వినపడాలి. వెనకాల చూడండి ఫ్రెండ్స్, సాలీడుకి చలిజ్వరం! ఎవరైనా పారాసిటమాల్ ఇవ్వండ్రా!"

ఆ ముక్కను వేగం పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి వేశాడు. కింద వ్యాఖ్యలు. ఓవరాక్షన్ ఆంటీ. ఆంటీకి అవార్డు ఇవ్వండి. ఒకరెవరో, సాలీడు ఈ ఏడుపు తట్టుకోలేకే చచ్చిపోయిందని రాశారు. దాని కింద వేలమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

అతి అంటున్నారు. మీ ఇళ్లలో చావు వచ్చినప్పుడు ఎలా ఏడుస్తారో నాకు తెలియదు. మెల్లగా, జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తారేమో. మా పేటలో ఇలాగే ఏడుస్తాం. గొంతు వీధి చివరిదాకా వెళ్లాలి, వినపడినవాళ్లు పనులు ఆపుకుని రావాలి. దానికోసమే ఆ ఏడుపు. దాన్ని నటన అనుకుని, ఆ నటనకు మార్కులు వేసి, తక్కువ వేసి, నవ్వి, పక్కవాళ్లకు పంపుకున్నారు. సినిమాకు ఖర్చు తక్కువైతే అందులో మనుషుల దుఃఖం కూడా చవకరకం అయిపోతుందా?

హైదరాబాదు వాళ్లయితే దూరం, మనకు తెలియనివాళ్లు అనుకోవచ్చు. కొత్తపేట బస్టాండులో కుర్రాళ్లు ఫోనులో అది రింగుటోను పెట్టుకున్నారు. బస్సు రాగానే ఒకడు "సాల్మనూ, బస్సొచ్చిందిరా!" అని అరిచేవాడు, మిగతావాళ్లు గుండెలు బాదుకునేవాళ్లు. వీళ్లలో సాల్మన్ దించిన బొండాలు తాగినవాళ్లు ఉన్నారు. ఒకరోజు వెళ్లి అడిగాను. "ఎవరినంటున్నారో తెలుసా మీకు?" ఒకడు బుర్ర గోక్కుని, "సినిమాలో డైలాగేగా అక్కా. ఫీలవుతావేంటి" అన్నాడు.

తర్వాత మా వీధిలో ఒక మామ్మగారు పోయారు. ఎప్పటిలాగే పెద్దమ్మకు కబురు వచ్చింది. వెళ్లి తల దగ్గర కూర్చుంది. కొంగు దోపింది. "మాయమ్మా, కుంపటి ముందు కూకుని..." అని అందుకుంది. తలుపు దగ్గర ఎవరో ఫోను పైకెత్తారు. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒకడు మెల్లగా అన్నాడు గానీ అందరికీ వినపడింది. "సాలీడు రాలేదేంట్రా ఇంకా?"

పెద్దమ్మ ఆగిపోయింది. ఎప్పుడూ మధ్యలో ఆగలేదు ఆమె. కొంగు విప్పుకుని, భుజం నిండా కప్పుకుని, లేచి బయటికి నడిచింది. లోపల ఆ మామ్మగారి కూతుళ్లు ఏడుపు గొంతులోనే ఉండిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టరు గారు హడావుడిగా పాట మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి పెద్దమ్మ ఎవరింటికీ వెళ్లలేదు. ఫ్యాక్టరీకి కూడా సందు వెనకనుంచి వెళ్లేది.

నేను ఆ వీడియో అతని నంబరు సంపాదించి ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడాడు.

"చెప్పండి మేడమ్."

"మీ వీడియోలో ఆ పెద్దావిడ ముక్క తీసెయ్యండి. మిగతాది ఉంచుకోండి. సాలీడుని ఎంతైనా అనండి."

"సినిమా జనంలో పెట్టాక జనం చూస్తారు కదండీ. బాగోలేనిది బాగోలేదంటాం."

"ఆవిడది నటన కాదండీ. నిజంగా పోయిన కొడుకు కోసం ఏడ్చింది. ఆ పేరు నిజం. ఆ బస్సు నిజం."

"అయ్యో. కానీ అది నాకెలా తెలుస్తుంది మేడమ్? తెర మీద కనపడిందే కదా నేను చూసేది."

అతను అన్నది నిజమే. నిజమైనందుకే ఇంకా మండింది.

"ఆవిడ పేరేంటో తెలుసా మీకు?"

"లేదండీ."

"సినిమా చివర వేశాం."

"పేర్లు పడేసరికి ఆపేస్తామండీ. ఎవరు చూస్తారు అవి?" అన్నాడు. ఎగతాళిగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. ఆలోచిస్తానన్నాడు. ఈరోజుకీ తీయలేదు.

ఇంతలో ఆత్రేయ మా స్కూలు ఆఫీసుకు వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. హైదరాబాదు కంపెనీ ఒకటి మా సినిమా కొంటుందట. భయం సినిమాగా కాదు, కామెడీగా. కత్తిరించి, నవ్వుల శబ్దాలు కలిపి విడుదల చేస్తారట. షూటింగు ముక్కలన్నీ ఉన్న డిస్కు నా బీరువాలో ఉంది. దానికోసం వచ్చాడు.

"పెద్దమ్మ సీనో?" అని అడిగాను.

"అదే మెయిన్ అంటున్నారు హన్నా. ట్రైలర్‌లో కూడా అదే. కాకపోతే పేరు తప్పుంది కదా, రవి అని వేరేవాళ్లతో డబ్బింగు చెప్పిస్తారట. ఆ తప్పు పోతుంది."

"తప్పా?"

"నేననట్లేదు, వాళ్లంటున్నారు."

"చేలో గొంతుక్కూర్చుని ఏం చెప్పావు నువ్వు?"

అతని ముఖం ఎర్రబడింది. "నాకు గుర్తులేదనుకున్నావా? నేను జనాన్ని భయపెడదామని తీశాను. ఒక్కడు భయపడలేదు. మా నాన్నగారిని గుడి దగ్గర 'సాలీడు పంతులుగారు' అంటున్నారు, తెలుసా నీకు? నవ్వుతామంటున్నారు, నవ్వనీ. అలాగైనా రెండో సినిమా తీస్తాను. అది బాగా తీస్తాను."

"సినిమా నీది. నవ్వించుకో. ఆ ఏడుపు నీది కాదు."

"చూసేవాళ్లు తేల్చేశారు హన్నా. మనమేం చెయ్యగలం?"

"నేను డిస్కు ఇవ్వకుండా ఉండగలను" అన్నాను. పిల్లలు ఫీజు రసీదుల కోసం కిటికీ దగ్గర నిలబడి వింటున్నారు. నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ సాయంత్రం డిస్కు, లాప్‌టాపు పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. నా ఉద్దేశం ఒకటే. ఆమె ముందు ఆ సీను చెరిపేసి, ఇక కొత్తగా ఎవరూ దీంతో నవ్వించలేరని చెప్పాలి. ఆమె గుమ్మంలో కూర్చుని గోంగూర ఆకులు దూస్తోంది. సంగతంతా చెప్పాను.

"నేనెప్పుడూ చూడలేదమ్మా అది" అంది.

"అదేంటి పెద్దమ్మా, ఊరంతా..."

"ఆళ్ల ఫోన్లలో ఇన్నాను. అన్నీ నవ్వులే. నవ్వులు లేకుండా ఉందా నీ కాడ?"

పెట్టాను. కాడలు పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, లాప్‌టాపుకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. ఎవరి ఏడుపో విన్నట్టు తల ఊపుతూ వింది. మధ్యలో ఒకసారి, "ఇక్కడ ఊపిరందలేదు. ఆడి పాట సంగతి చెప్పాల్సింది, వదిలేసేను" అంది. తర్వాత వేలు పెట్టి చూపించింది.

"ఎనకాల అదెందుకమ్మా ఒణుకుతోంది?"

"లోపల వాళ్లు ఏడ్చేరు పెద్దమ్మా."

"ఎవరు?"

చెప్పాను, పేరు పేరునా. ఒక్కో పేరూ తనూ మళ్లీ అంది. మా పేట పేర్లు, గంగాధరం గారి వీధి పేర్లు.

"అంతమందా? అయితే మావోడికి నేనొక్కదాన్నే కాదన్నమాట ఏడిసింది" అంది. చాలాసేపు ఆ ఆగిన బొమ్మనే చూసింది.

"చెరిపేస్తాను పెద్దమ్మా."

నా చెయ్యి పట్టుకుంది. "చెరపకు. ఆడికి జరిగిన సాగనంపడం అదొక్కటే. ఇంకోటి లేదు."

"వాళ్లు నవ్వుతారు. ఇంకా ఎక్కువ నవ్వించేటట్టు చేస్తారు."

"నవ్వుకోనీ. నవ్వుతానైనా ఇంటారు గదా. పేరు మాత్రం మార్చనియ్యకు. రవి ఎవడమ్మా? నాకు రవి లేడు."

నా కోపం అంతా పట్టుకుని వెళ్లాను, పెట్టడానికి చోటు లేకుండా తిరిగి వచ్చాను. ఆమె అడిగింది పేరు మార్చనివ్వొద్దని మాత్రమే. నేను చేయగలిగిందీ అదే. ఆత్రేయకు డిస్కు ఇచ్చి, "పేరు ఉండాలి. ఆ సీనులో వేరే శబ్దం ఏదీ కలపకూడదు" అని కాగితం మీద రాయించుకున్నాను. అతను వాళ్లతో నిజంగానే పోట్లాడాడు. నా ముందే ఫోనులో అరిచాడు. అతని మీద అబద్ధం చెప్పను.

కొత్త సినిమా వచ్చింది. పేరు ఉంది. పెద్దమ్మ గొంతే ఉంది. కానీ సాలీడు వణికిన చోట స్ప్రింగు సాగి వదిలిన శబ్దం పెట్టారు. బొయ్యిమని. దాని మీద జనం పగలబడి నవ్విన శబ్దం. ఎవరి నవ్వో కూడా కాదు, డబ్బాలో నింపి అమ్మే నవ్వు. ఆత్రేయ ఫోను చేసి, "పేరు ఉంచారు హన్నా, అంతవరకే నిలబెట్టగలిగాను" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. ఇప్పటికీ అతనితో మాట్లాడటం లేదు.

మొన్న మా పేటలో కృపానందం తాతయ్య పోయారు. పెద్దమ్మకు కబురు చేయాలా వద్దా అని వాళ్లు తటపటాయిస్తుండగా తనే వచ్చింది, ఆ వెలిసిన నీలం చీరలో. తల దగ్గర కూర్చుని కొంగు నడుముకు దోపింది. తలుపు దగ్గర మళ్లీ ఒక ఫోను లేచింది. లాక్కుందామని లేచాను. పెద్దమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆ ఫోనులోకి సూటిగా చూసి మొదలుపెట్టింది.

"సాల్మనూ... మన కిరపానందం తాత వస్తన్నాడ్రా... కళ్లు సరిగా అవుపడవురా ఆయనకి... చెట్టెక్కి చూడరా నా అయ్యా, బండి వంతెన కాడికొచ్చిందేమో... ఎదురెళ్లి చెయ్యట్టుకుని తీసుకెళ్లరా..."

తాతయ్య కూతుళ్లు బావురుమన్నారు. వీధి చివరిదాకా గొంతు వెళ్లింది. ఫోను దిగిందో లేదో నేను చూడలేదు. పాస్టరు గారు బయట కుర్చీలో కూర్చున్నారు, ఆమె ముగించేదాకా.

మీరెప్పుడైనా ఆ సినిమా చూస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు, నవ్వుకోవడానికి, నలుగురు కలిసి చూస్తారు. సాలీడు నేలకు తగలకుండా తేలుతుంటే నవ్వండి. దేవుణ్ణి తలుచుకుంటే నవ్వండి. బొయ్యిమనే శబ్దం వచ్చినచోట మాత్రం, దాని కింద ఒక పేరు వినపడుతుంది. అది తప్పు కాదు. అతను మా అన్నయ్య సాల్మన్. కొబ్బరి చెట్టు పైనుంచి వంతెన వైపు చూసి, బస్సొస్తోందని నాకు కేకేసి చెప్పేవాడు. దయచేసి అతన్ని గుర్తుపెట్టుకోండి.